పని తెలిసిన పుస్తకాలు

రాయలసీమ పేరు చెప్పగానే చాలామంది కళ్ల ముందు రెండు బొమ్మలు ఆడతాయి. ఒకటి సినిమా చూపించిన వేటకొడవలి. రెండోది పత్రికల్లో ఏటేటా అచ్చయ్యే బీటలు వారిన చెరువు. సీమ పుస్తకాలను కూడా కక్షల నవల, కరువు కథ అని రెండు మూటలు కట్టి పక్కన పెట్టేయడం అలవాటైపోయింది. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పుస్తకాలను పాతా కొత్తా తేడా చూడకుండా పక్కపక్కన పెట్టుకుని చదివితే వాటిలో ఎక్కువగా కనబడేది పని. మనిషి చేతులతో చేసే పని, ఆ పనికి కావలసిన తెలివి, ఆ పని దొరకని రోజున మనిషికి పట్టే గతి. ఈ పుస్తకాలు ఎందుకు చదవాలంటే మొదట చెప్పవలసిన కారణం ఇదే.

కరువు మీద కన్నీళ్లు పెట్టించడం పెద్ద కష్టమేమీ కాదు. ఎండిన పైరును, ఖాళీ కుండను నాలుగు వాక్యాల్లో వర్ణిస్తే చదివేవాడి మనసు కరుగుతుంది. కరువొచ్చిన ఊళ్లో మనిషి తెల్లారి లేచి ఎక్కడికి పోతాడు, ఎవరి గడప తొక్కి ఎంత అప్పు అడుగుతాడు, ముందు కాడెద్దును అమ్ముకుంటాడా, ఇంటామె కమ్మలు కుదువ పెడతాడా అన్నది రాయాలంటే మాత్రం తెలిసుండాలి. తెలిసి రాసినవాళ్ల పుస్తకం రెండోసారి చదివినా నిలబడుతుంది. ఈ అరలోని మంచి పుస్తకాలకు ఆ బలం ఉంది.

పని గురించి ఈ నేల మీద రాసిన గొప్ప పాఠాల్లో ఒకటి కాగితం మీద లేదు, రాతి మీద ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించి 1369లో చెక్కిన సంస్కృత శాసనం అది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. శాసనాలంటే రాజుగారి పొగడ్తలే గుర్తొస్తాయి. ఇందులో పొగడ్తలు ఉన్నాయి గానీ, వాటితో పాటు చెరువు కట్టే శాస్త్రమంతా ఉంది. మంచి చెరువుకు కావలసినవి 12, చెరువుకు రాగూడని దోషాలు 6 అని లెక్క చెబుతుంది. కట్టలోంచి నీళ్లు ఊరిపోవడం, నేల చవుడు కావడం, చెరువు రెండు రాజ్యాల ఎల్లలో పడడం, నడిమధ్యన మెట్ట ఉండడం, నీళ్లు తక్కువై కింద పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఇవీ ఆ ఆరు. వీటిలో మూడోదాన్ని రెండు రాష్ట్రాల నీటి తగాదాలు చూసినవాళ్లు తప్పకుండా ఆగి చదవాలి. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని కూడా ఆ శాసనమే చెబుతుంది. కట్టించిన రాజుతో పాటు మట్టి మోసినవాళ్ల లెక్కా రాతికెక్కింది.

తర్వాత రెండు వందల ఏళ్లు తిరగకుండానే ఇదే సీమలో పింగళి సూరన కళాపూర్ణోదయం వచ్చింది. నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన కావ్యం. కథలో కథ, వెనక జరిగింది ముందు, ముందు జరిగింది వెనక చెప్పే అల్లిక అని పరీక్షలకు చదివినవాళ్లందరికీ తెలుసు. ఆ అల్లిక భయానికే చాలామంది దాని జోలికి పోరు. అల్లిక సంగతి పక్కనబెట్టి, శాలీనుడు, సుగాత్రి కథ ఒక్కటి విడిగా చదివినా చాలు.

సుగాత్రి తల్లి ప్రతి రాత్రీ కూతురికి నిలువెల్లా నగలు పెట్టి, సింగారించి భర్త గదిలోకి పంపుతుంది. శాలీనుడు ఆమె వంక కన్నెత్తి చూడడు. చూసీ చూసీ విసిగిన అత్తగారు అల్లుణ్ణి పూలతోట పనికి పెడుతుంది. అతను చిన్నబుచ్చుకోకుండా ఇష్టంగా ఆ పని చేసుకుంటూ ఉంటాడు. ఒకనాడు గాలివాన పట్టుకుంటుంది. తోటలో భర్త ఏమయ్యాడో అని సుగాత్రి పరుగెత్తి వస్తుంది. నగలన్నీ తీసి పక్కన పెట్టి, చీర ఎగదోపి, అతనితో కలిసి తోటపనికి దిగుతుంది. ఇన్నాళ్లూ కదలని శాలీనుడి మనసు అప్పుడు కదులుతుంది. ప్రబంధాల కాలంలో, ఆభరణాల వర్ణన లేనిదే నాయిక అడుగు వేయని రోజుల్లో, చెమటకు ఇంత అందం ఉందని చెప్పిన కవి ఇంకొకరు కనబడరు. కథ జరిగేది కాశ్మీరంలో అయినా, ఆ తోటలో తడిసిన మట్టి వాసన మాత్రం సీమలో కుందూ నది ఒడ్డున ఉన్నవాళ్లకు కొత్తగా అనిపించదు. పద్యం కష్టమనుకునేవాళ్లు మంచి వచనంలో ఈ ఘట్టం చదివి, తర్వాత మూలానికి పోవచ్చు.

మొల్ల రామాయణం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. బద్వేలు దగ్గరి గోపవరం ఆమెదని కడప వాళ్ల నమ్మకం. తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు అర్థం తోచాలనీ, గూఢమైన మాటలు కూర్చిన కావ్యం మూగ చెవిటివాళ్ల ముచ్చటలా ఉంటుందనీ ఆమె పీఠికలోనే తేల్చి చెప్పింది. ఏ కాలం పుస్తకాన్నయినా తూచడానికి ఆ ఒక్క రాయి చాలు.

వేమన విషయంలో కొంచెం ఆగాలి. ఆయన పద్యాలు అందరికీ నోటికొచ్చు కాబట్టి, ఎవరూ చదవరు. నోటికొచ్చిన పదిహేను పద్యాలు దాటి ముందుకు పోయినవాళ్లు తక్కువ. వరసగా కూర్చుని చదివితే కనబడేది ఒక మనిషి ఊరంతా తిరిగి పనులు చూసిన తీరు. ఇనుము విరిగితే రెండు మూడుసార్లు కాచి అతకవచ్చు, మనసు విరిగితే అతకదు అన్న మాట కొలిమి దగ్గర నిలబడి చూసినవాడికే వస్తుంది. గిన్నె శుభ్రం లేని వంట ఎందుకన్న మాట వంటింట్లోంచి వచ్చింది. తినగ తినగ వేము తియ్యనవుతుందని చెప్పిన పద్యంలోనే, సాధనమున పనులు సమకూరు ధరలోన అన్న పాదం ఉంది. మొదటి పాదాలకు వచ్చిన పేరు మూడో పాదానికి రాలేదు గానీ, పద్యం బరువంతా అక్కడే ఉంది.

వేమనను ఇలా చదవడం నేర్పిన పుస్తకం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన ఈ పండితుడు 1928లో అనంతపురంలో ఇచ్చిన ఉపన్యాసాలే ఆ పుస్తకం. సంగీతం, ప్రాకృతం, సంస్కృతం అన్నీ తెలిసిన మనిషి, ఛాందసులు కవిగానే లెక్కచేయని వేమన మీద అంత శ్రద్ధ పెట్టడమే ఒక పెద్ద సంగతి. వేమన చుట్టూ అల్లుకున్న కథలను నమ్మేసి వల్లించకుండా, పద్యాలను పట్టుకుని మనిషిని వెదుకుతాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వచనం పాతబడలేదు. తెలుగులో విమర్శ ఎలా రాయాలో నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లు మొదట చదవదగ్గ పుస్తకం ఇది.

అంతకు ముందు వేమనను అచ్చుకెక్కించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూడా ఈ సీమలో పనిచేసినవాడే. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కో కావ్యానికి ఊళ్లూళ్లూ తిరిగి తెప్పించిన రాతప్రతులను పోల్చి చూసి, తప్పులు దిద్దించి, శుద్ధ ప్రతులు రాయించాడు. సొంత డబ్బు చాలక అప్పులు కూడా చేశాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి, తెలుగు ఇంగ్లిష్ నిఘంటువు 1852లో వచ్చింది. నిఘంటువును ఇష్టమైన పుస్తకాల్లో చేర్చడం వింతగా తోచవచ్చు. బ్రౌన్ నిఘంటువులో కవుల ప్రయోగాల పక్కనే మామూలు జనం మాటలు, సామెతలు ఉంటాయి. ఏ పేజీ తెరిచినా పావుగంట కదలనివ్వదు. ఆ బంగళా ఉన్న చోటే, కడప ఎర్రముక్కపల్లెలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల బ్రౌన్ పేరుతో గ్రంథాలయం వెలిసింది.

ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే, మొదట చదవాల్సింది విద్వాన్ విశ్వం పెన్నేటి పాట. విశ్వం 1915లో అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టాడు. సంస్కృత కావ్యాలను తెలుగు చేసిన పండితుడు, జైలుకు పోయిన ఉద్యమకారుడు, పత్రికా సంపాదకుడు. ఇన్ని తెలిసిన మనిషి, నీళ్లు లేని పెన్న గట్టున రెక్కాడితే గాని డొక్కాడని రంగడు, గంగమ్మ దంపతుల కథను కావ్యంగా రాశాడు. అందులో గొప్పదనం జాలిలో లేదు. ఒకప్పుడు నాలుగెకరాలు తిన్న ఇల్లు కూలికి ఎలా దిగజారుతుందో మెట్టుమెట్టుగా చూపించడంలో ఉంది. పల్లెమాటా, పండితుల ఛందస్సూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. రెండిట్లో ఏదీ రెండోదాన్ని చూసి సిగ్గుపడదు. దీన్ని గొంతెత్తి చదవాలి. కళ్లతో చదివితే సగం పోతుంది.

అనంతపురం సేద్యం లోపలి లెక్క తెలియాలంటే సింగమనేని నారాయణ కథలు, వాటిలో ముఖ్యంగా జూదం. బండమీదపల్లెలో పుట్టి, తెలుగు పంతులుగా పనిచేస్తూ రాసిన కథకుడు ఆయన. వాన నమ్ముకున్న చెనిక్కాయ (వేరుశెనగ) సేద్యం ఎలా ఉంటుందో తెలియని పాఠకుడికి ఆ పేరు అతిగా తోచవచ్చు. విత్తనకాయలు అప్పుకు తెచ్చి, ఒలిచి పెట్టుకుని, పదును వాన కోసం మొగులు వంక చూస్తూ కూర్చోవాలి. పదునైతే ఊరంతా ఒకే రోజు గొర్రు కడుతుంది. మొలక బాగా వచ్చినా నమ్మకం లేదు. పూత పూసి, ఊడలు దిగే వేళకు ఒక్క వాన తప్పితే నేల గట్టిపడి ఊడ లోపలికి పోదు, కాయ పట్టదు. పైకి పచ్చగా కనబడే చేనే పీకి చూస్తే గుల్ల. ఇంత తెలిసీ మరుసటి ఏడు మళ్లీ విత్తుతారు, ఎందుకంటే ఇంకో దారి లేదు. ఈ లెక్క తెలిసి చదివితే సింగమనేని రైతులు మొండివాళ్లుగానో అమాయకులుగానో కనబడరు. తెలిసి పందెం కాసేవాళ్లుగా కనబడతారు.

ఇటీవలి నవలల్లో పనిని ఇంత దగ్గరగా చూపించినది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం. 2019లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా అయింది. సినిమా చూసినవాళ్లు నవల అక్కర్లేదనుకుంటే నష్టపోతారు. ఊళ్లో మేతా నీళ్లూ ఎండిపోయినప్పుడు గొర్రెల కాపర్లు జీవాలను తోలుకుని నల్లమల ఎక్కి, వానలు పడేదాకా అక్కడే గడపడాన్ని కొండపొలం పోవడం అంటారు. ఇంజినీరింగ్ చదివి, పట్నంలో ఉద్యోగం రాక, నలుగురిలో నోరు తెరవలేని కుర్రవాడు నాన్న వెంట, తోటి కాపర్ల వెంట అలా పోతాడు.

కథ ఇంతే. నవల బలం అడవిలో ఒక్కో రోజు ఎలా గడుస్తుందో చెప్పడంలో ఉంది. నీటి గుండం జాడ ఎలా పట్టాలి, మందను ఏ వాలున మేపాలి, రాత్రి ఎక్కడ ఆపాలి, పులి దగ్గర్లో ఉందని జీవాలు ముందుగా ఎలా పసిగడతాయి, తప్పిపోయిన గొర్రెను వెదకడానికి మిగతా మందను ఎవరికి అప్పజెప్పాలి. కాలేజీలో చదివినదేదీ అక్కడ పనికిరాదు. అక్షరం రాని ముసలి కాపరికి చెట్టూ చేమా, జంతువు అడుగూ అన్నీ చదువే. ఆ చదువును రచయిత ఎక్కడా పాఠంలా చెప్పడు. పని జరుగుతుంటే మాటల్లో దొర్లుతుంది. కడప పల్లె మాట తెలియనివాళ్లకు మొదట్లో కొన్ని పదాలు అడ్డం తగులుతాయి. ఆగకుండా ముందుకు పోవాలి, అర్థం దానంతటదే పడుతుంది. కుర్రవాడికి ధైర్యం వచ్చే తీరు కూడా నమ్మేట్టు ఉంటుంది. ఎవరో ఉపన్యాసం చెప్పి ఇచ్చిన ధైర్యం కాదది, రోజూ మందను కాపాడుకుంటూ కూడబెట్టుకున్నది.

కేతు విశ్వనాథరెడ్డి కథలు వేరే దారి. 1939లో కడప జిల్లా రంగశాయిపురంలో పుట్టి, 2023లో పోయిన ఈ కథకుడి గొంతు ఎప్పుడూ లేవదు. జప్తు, ఇచ్ఛాగ్ని లాంటి సంపుటాల్లో భూమి, అప్పు, ఊరి పెత్తనం, చదువుకుని బస్తీకి పోయినవాళ్ల ఊగిసలాట అన్నీ తక్కువ మాటల్లో ఉంటాయి. ఆయన కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆవేశం కోరుకునే పాఠకుడికి ఇవి చప్పగా తోచవచ్చు. అయినా ఓపిక పట్టాలి. ఆయన కోపం వాక్యాల కింద ఉంటుంది.

ఆయనదే ఇంకో పుస్తకం కడప ఊర్ల పేర్లు. పరిశోధన కోసం రాసిన గ్రంథం కాబట్టి కథల పాఠకులు ముట్టుకోరు. సీమను అర్థం చేసుకోవడానికి ఇది నవలలంత పనికొస్తుంది. ఊరి పేర్లను పట్టి చూడడం అలవాటైతే మ్యాపు చదవడమే మారిపోతుంది. జమ్మలమడుగులో మడుగు ఉంది, ఎర్రగుంట్లలో గుంట ఉంది. కర్నూలు వైపు పోతే కోయిలకుంట్ల, అనంతపురం వైపు పోతే బుక్కరాయసముద్రం. అనంతపురం పేరే అనంతసాగరం చెరువు నుంచి వచ్చిందంటారు. కరువు సీమ అని పేరు పడ్డ చోట ఊళ్లకు నీళ్ల పేర్లు ఇన్ని ఉండడం, నీళ్లున్న చోటే మనుషులు ఊరు కట్టుకున్నారన్న పాత సంగతిని మళ్లీ గుర్తు చేస్తుంది. వాన చాలని నేలలో నీటిని పట్టి నిలబెట్టడమే పెద్ద పనిగా బతికిన తరాలు ఆ పేర్లలో ఉన్నాయి.

పని అంటే పొలం పనే అని కాదు. రాతపని కూడా పనే. కడప జిల్లా పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, అందరూ పిలిచే పేరు రారా, మాస్కోలో అనువాదకుడిగా చేసిన ఏళ్ల అనుభవాన్ని అనువాద సమస్యలు అన్న పుస్తకంలో పెట్టాడు. 1988లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. వడ్రంగి తన పనిముట్లను ఒక్కొక్కటే తీసి చూపించినట్టు ఉంటుంది ఆ పుస్తకం. అనువాదం చేసేవాళ్లే కాదు, రోజూ తెలుగులో ఏదో ఒకటి రాసే ప్రతివాళ్లూ చదవాలి. సారస్వత వివేచనలో ఆయన విమర్శ కటువుగా ఉంటుంది, కొన్నిచోట్ల అన్యాయంగా కూడా తోస్తుంది. అయినా ఆయన ఎందుకు నచ్చలేదంటాడో ఆ కారణం ఎప్పుడూ చెబుతాడు.

తిరుమల రామచంద్ర హంపీ నుంచి హరప్పా దాక ఆత్మకథ. అనంతపురం జిల్లా రాఘవంపల్లెలో 1913లో పుట్టి, లాహోరు దాకా పోయి రాతప్రతుల మీద పనిచేసిన పండితుడి కథ. తన గొప్ప చెప్పుకోవడం తక్కువ, తనకు చదువు చెప్పినవాళ్ల గురించీ, తిండి పెట్టినవాళ్ల గురించీ చెప్పడం ఎక్కువ. పాండిత్యం కూడా ఊళ్లు తిరిగి, ఆకలికి ఓర్చి సంపాదించుకునే కూలి లాంటిదేనని ఇంత హాయిగా చెప్పిన ఆత్మకథలు తెలుగులో తక్కువ. ఈ అరలో మొదట ఒక్క పుస్తకమే తీయగలిగితే ఇదే తీయమనాలి.

బండి నారాయణస్వామి శప్తభూమి 18వ శతాబ్దపు అనంతపురం సీమను, హండె వంశపు పాలెగాళ్ల కాలాన్ని చూపించే నవల. 2019 కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి దానిదే. పాత్రలు ఎక్కువ, సంఘటనలు ఎక్కువ, మొదట్లో కొంత తబ్బిబ్బు తప్పదు. కోటల చరిత్రను కోట బయట ఉన్నవాళ్ల వైపు నుంచి చెప్పినందుకు ఆ శ్రమ పెట్టవచ్చు. వేంపల్లె షరీఫ్ జుమ్మా చిన్న పుస్తకం, పేద ముస్లిం ఇళ్ల కథలు. శుక్రవారం నమాజుకు పొమ్మని కొడుకును పోరుతూ వచ్చిన తల్లి, మసీదులో బాంబు పేలిందని విన్నాక వద్దనే కథ ఒక్కటి చదివితే మిగతావి ఎవరూ చెప్పకుండానే చదువుతారు.

పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవం మాత్రం ఈ పని లెక్కకు అందదు. ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లో రాసిన ఆ గేయంలో శబ్దమే నాట్యం చేస్తుంది. దానిలో ఏముందని వివరించబోతే పాడవుతుంది. చదవడం రాకపోతే చదవగలిగిన వాళ్ల చేత చదివించుకుని వినాలి.

ఇవన్నీ దుకాణంలో ఒకేచోట దొరకవు. కొన్ని మళ్లీ అచ్చు కాక, పాత ప్రతులే చేతులు మారుతున్నాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, కడప బ్రౌన్ గ్రంథాలయం ఈ విషయంలో పెద్ద ఆసరా. గ్రంథాలయోద్యమానికి జీవితం ఇచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టినవాడే కాబట్టి, ఈ మూడు జిల్లాల్లో గ్రంథాలయ సభ్యత్వం లేని పాఠకుడు ఉండకూడదు.

ఈ అరలో ఖాళీలు కూడా ఉన్నాయి. పొలానికి, మందకు దక్కినంత చోటు ధర్మవరం మగ్గానికి, ఆదోని పత్తి మిల్లుకు, బేతంచెర్ల నాపరాయి గనికి దక్కలేదు. చెనిక్కాయలు ఒలిచే ఆడవాళ్లు కథల్లో కనబడతారు గానీ, ఎక్కువగా మగవాళ్లు చూసినట్టే కనబడతారు. వేలి గోళ్లు అరిగేదాకా ఒలిచి, శేరు లెక్కన కూలి తీసుకున్న మనిషే రాసిన పుస్తకం వస్తే, పైన చెప్పిన పుస్తకాలన్నిటికన్నా ముందు దాన్ని చదవాలి.